పుస్తకం మూసి కొలవండి

(ఒక జిల్లా గ్రంథాలయంలో ఆదివారం మధ్యాహ్నం నేను మాట్లాడిన మాటలివి. రికార్డింగు విని రాసుకున్నాను, అక్కడక్కడా కొంచెం సరిచేశాను.)

అందరికీ నమస్కారం. వెనక వినిపిస్తోందా? సరే.

ముందు ఒక మాట అడుగుతాను. చిన్నప్పుడు జూన్‌లో బడి తెరవగానే పుస్తకాలకు బ్రౌన్ పేపర్ అట్టలు వేసుకున్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, అందరూ ఎత్తారు. అయితే తోలు అట్ట చేయడం మీకు సగం వచ్చినట్టే, ఎందుకంటే నేను చెప్పబోయేది అదే పని, కాగితం బదులు తోలు, మడతల బదులు కుట్టు, అంతే తేడా. ఆ సగం వచ్చి కూడా నేనెలా తప్పు చేశానో చెప్పి మొదలుపెడతాను, అది చెప్తే మిగతాది సులువవుతుంది.

మొదటి అట్ట చేసినప్పుడు డైరీని బల్ల మీద తెరిచి పరిచాను. కింద తోలు పెట్టి, చుట్టూ కొంచెం వదిలి గీత గీశాను, కోశాను, రెండు రాత్రులు కూర్చుని కుట్టాను. డైరీ అట్టలను తోలు లోపలి వైపు కుట్టిన జేబుల్లో దూర్చితే ఎంత చక్కగా పట్టిందంటే ఫోటో తీసి మా ఆవిడకు కూడా పంపాను, ఆమె పక్క గదిలోనే ఉంది. (నవ్వులు) తర్వాత మూయబోయాను. మూసుకోదు. అటు నొక్కితే ఇటు లేస్తుంది, బలవంతంగా మూసి వదిలేస్తే మొసలి నోరు తెరిచినట్టు తెరుచుకుంటుంది. మూడో తరగతిలో మా అమ్మ నెత్తిన మొట్టి మరీ చెప్పింది, "పుస్తకం మూసి అట్ట వెయ్యిరా, తెరిచి వేస్తే చిరుగుద్ది" అని. కాగితానికి గుర్తున్న మాట తోలు దగ్గరకొచ్చేసరికి మర్చిపోయాను, తోలు సాగుతుందిలే అనుకున్నాను. తోలు అంత సాగదు.

ఎందుకలా అవుతుందంటే, పుస్తకం తెరిచి ఉన్నప్పుడు అట్ట చదునుగా ఉంటుంది, మూసినప్పుడు వీపు చుట్టూ తిరిగి రావాలి. వీపు మందం, రెండు మలుపులు, పైగా తోలుకు తనకంటూ ఉన్న మందం, ఇవన్నీ పొడవును తింటాయి. అందుకని పుస్తకం మూసి, దారం ఒకటి తీసుకుని, ముందు అట్ట అంచు నుంచి వీపు మీదుగా వెనక అట్ట అంచు దాకా చుట్టి కొలవండి. మనందరి దగ్గరా ఉండే ఏ5 డైరీ 210 మిల్లీమీటర్ల ఎత్తు, 148 వెడల్పు. మందం 20 అనుకుందాం. 148, 20, 148 కలిపితే 316. మలుపులకు ఒక 10, రెండు చివర్లా చెరో 5 వదిలితే 336. ఎత్తు చూస్తే, కుట్టు అంచు నుంచి 4 మిల్లీమీటర్ల లోపలికి వస్తుంది, కుట్టుకూ డైరీకీ మధ్య 3 ఖాళీ ఉండాలి, అంటే పైన 7 కింద 7, మొత్తం 224. లోపలి జేబులు రెండూ 75 వెడల్పు చొప్పున. ఇది 2 మిల్లీమీటర్ల లోపు తోలుకు సరిపోయే లెక్క. మందం తోలు తీసుకుంటే మలుపులకు ఇంకా వదలాలి. అనుమానంగా ఉంటే ముందు చార్టు పేపరు కోసి, డైరీకి తొడిగి, మూసి చూడండి. చార్టు పేపరు పది రూపాయలు, తోలు పది రూపాయలకు రాదు కదా.

సరే, తోలు. అంగడికి పోయి "లెదర్ ఇవ్వండి" అంటే మీకు ఏదో ఒకటి ఇస్తాడు, అక్కడే సగం మంది దెబ్బతింటారు. పచ్చి తోలు కుళ్లకుండా, గట్టిపడకుండా చేయడాన్ని పదును చేయడం అంటారు, అది ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి క్రోమియం లవణాలతో చేసేది. 1884లో అగస్టస్ షుల్జ్ అనే ఆయన అమెరికాలో ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ తోలు ఇదే. ఒకటి రెండు రోజుల్లో పనైపోతుంది, మెత్తగా ఉంటుంది, వానకు తట్టుకుంటుంది. రెండోది చెట్ల చెక్కతో, అంటే బెరడుతో, కాయలతో చేసేది, దానికి వారాలు పడుతుంది. అట్టకు మనకు కావలసింది ఈ రెండోది, ఎందుకంటే గట్టిగా నిలబడుతుంది, తడిపి మలిస్తే ఆ ఆకారం పట్టుకుంటుంది, అంచు రుద్దితే నునుపు తేలుతుంది. క్రోమ్ తోలు అంచును మీరు రోజంతా రుద్దినా పీచు పీచుగానే ఉంటుంది. గుర్తుపట్టడం ఎలా? కోసిన అంచు చూడండి, మధ్యలో నీలం బూడిద రంగు చార కనిపిస్తే చాలావరకు క్రోమే. రంగు వేయని తోలైతే వేలితో నీటి చుక్క పెట్టండి, చెక్కతో పదును చేసిందైతే చుక్క ఇంకి మచ్చ ముదురుతుంది.

ఆ చెట్లేవో తెలుసా మీకు? తంగేడు. అవును, బతుకమ్మలో పేర్చే తంగేడే. తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. పువ్వు అందరికీ తెలుసు, దాని చెక్కతో తోళ్లు నానబెట్టేవాళ్లని ఎంతమందికి తెలుసు? ఇంగ్లీషు వాళ్లు ఆ చెట్టుకు పెట్టిన పేరే టానర్స్ కాసియా, అంటే తోలు పని చేసేవాడి చెట్టు. మనం పువ్వుకు పాట కట్టాం, చెక్కను ఊరి బయట లందలో వేశాం. లంద అంటే తోళ్లు నానబెట్టే గుంత, చిన్నవాళ్ల కోసం చెప్తున్నాను. తంగేడు చెక్క, కరక్కాయలు వేసిన నీళ్లలో తోళ్లు రోజుల తరబడి నానేవి. ఆ వాసన నాకు తెలీదు, మా బాపుకు తెలుసు.

కొంచెం పక్కకు పోతాను, మీరు క్షమించాలి. మా తాత కరీంనగర్ వైపు ఒక ఊళ్లో చెప్పులు కుట్టేవాడు, మోట బొక్కెనలకు తోలు తొండాలు కుట్టేవాడు. మోట అంటే ఎడ్లతో బావి నీళ్లు తోడేది, చూసినవాళ్లున్నారా ఇక్కడ? ఆ పెద్దాయన ఉన్నారు. తొండం కుట్టు కొంచెం వదులైతే బావిలోంచి పైకొచ్చేసరికి సగం నీళ్లు బావిలోనే పడతాయి, అంత గట్టిగా కుట్టాలి. దానికి ఏడాదికోసారి కల్లం దగ్గర గింజలు ఇచ్చేవాళ్లు. కరెంటు మోటార్లు వచ్చాక మోట పోయింది, బాటా చెప్పులు వచ్చాక మా తాత చెప్పులూ పోయాయి. మా బాపు చదువుకుని ఆర్టీసీ డిపోలో మెకానిక్ అయ్యాడు, తాత సామాను రేకు పెట్టెలో వేసి అటక మీద పెట్టాడు, మళ్లీ దించలేదు. ఇంట్లో తోలు అనే మాట కూడా వినపడేది కాదు. ఎందుకో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు, చెప్పాల్సినవాళ్లకు చెప్పినా ఎక్కదు. ఊళ్లో ఆ పని చేసినన్నాళ్లూ మా తాతను ఏ అరుగు మీదా కూర్చోనివ్వలేదు. అదే పని ఇవాళ నేను చేసి "హ్యాండ్‌మేడ్" అని చిన్న ముద్ర వేస్తే ఎగ్జిబిషన్‌లో స్టాల్ ఇచ్చి కుర్చీ వేసి టీ ఇస్తున్నారు. నాకు టీ వద్దని కాదు. కానీ ప్రతిసారీ ఆ కుర్చీలో కూర్చునేటప్పుడు నాకు అరుగే గుర్తొస్తుంది.

నేను ఈ పని మా తాత దగ్గర నేర్చుకోలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను, అందులో ఎవరో విదేశాల ఆయన రెండు సూదులతో కుడుతుంటే అబ్బో అనుకున్నాను. ఆ మొసలి నోరు అట్టను ఇంటికి తీసుకెళ్లినప్పుడు బాపు చూశాడు. ఏమీ అనలేదు. చేతిలోకి తీసుకుని బొటనవేలితో కుట్టు వెంబడి ఇలా రాసుకుంటూ పోయి, ఒక చోట ఆగి, "ఇక్కడికెళ్లి వదులైంది, నిద్రొచ్చిందా?" అన్నాడు. నిజంగానే అక్కడ రాత్రి రెండైంది. ముప్పై ఏళ్లు తోలు ముట్టని మనిషి వేలికి తెలిసింది. మర్నాడు పెట్టె తనే దించాడు, అందులో తోలు గుచ్చే ఆరె, తోలు కోసే రంపె ఉన్నాయి, తుప్పు పట్టి. ఆ ఆరె అదిగో, ఆ బల్ల మీద ఉంది, తర్వాత చూద్దురు గానీ.

సరే, పనిలోకి వద్దాం. ఎంత తోలు కొనాలి? పైది, రెండు జేబులు కలిపితే ఒక చదరపు అడుగు మీద కొంచెం. కానీ రెండు అడుగులు తీసుకోండి, ఎందుకంటే తోలు గుడ్డ కాదు, దానికి మచ్చలుంటాయి, ముళ్ల కంపకు గీరుకున్న గీతలుంటాయి, పొట్ట భాగం వదులుగా సాగుతుంది. వీపు వైపు ముక్క అడగండి. గేదె తోలు గరుకుగా గింజ గింజగా ఉంటుంది, నాకిష్టం, గీతలు పడ్డా తెలీదు. మేక తోలు పలచన, జేబులకు బావుంటుంది. రెండు వైపులా లాగి చూసి, తక్కువ సాగే వైపు అట్ట పొడవుకు వచ్చేలా పెట్టుకోండి.

చెక్కతో పదును చేసిన తోలు తమిళనాడులో ఇప్పటికీ చేస్తున్నారు, ఈస్ట్ ఇండియా లెదర్ అని పాత పేరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పరిశోధన కావాలంటే చెన్నై అడయార్‌లో 1948 నుంచీ కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది. అయితే చెక్కతో చేసింది కాబట్టి అంతా పవిత్రం అని నేను చెప్పను. అది కూడా నీళ్లు తాగుతుంది, మురికి వదులుతుంది. అక్కడి పాలారు నది ఒడ్డున తోళ్లు పదును చేసే ట్యానరీల మీద 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, కాలుష్యం చేసినవాడే దాని ఖర్చు పెట్టుకోవాలని. మనం కొనే రెండడుగుల ముక్క వెనక అంత కథ ఉంది, అంతకుమించి ఇవాళ దాని జోలికి పోను.

కోయడం. కొత్త బ్లేడు వేసుకోండి, స్టీలు స్కేలు గట్టిగా అదిమిపెట్టి, ఒక్క దెబ్బకు తెగాలని చూడకుండా మూడు సార్లు లాగండి. మొదటిసారి గీత పడుతుంది, రెండోసారి దిగుతుంది, మూడోసారి తెగుతుంది. ఒక్కసారే బలం పెడితే స్కేలు జారుతుంది, నా ఎడమ బొటనవేలు చూపించమంటే చూపిస్తాను. జేబులను పైదానికి అంటించడానికి చెప్పులు కుట్టేవాళ్లు వాడే సొల్యూషన్ చాలు, రెండు వైపులా అంచుకు మాత్రం సన్నగా రాసి, చేతికి అంటనంతగా ఆరాక అతికించాలి. తడిగా ఉండగానే అతికిస్తే పట్టదు, ఓపిక లేక అందరూ చేసే పని అదే.

ఇప్పుడు రంధ్రాలు. పిల్లల జామెట్రీ బాక్సులో డివైడర్ ఉంటుంది కదా, దాన్ని 4 మిల్లీమీటర్లకు తెరిచి, ఒక కాలు అంచు వెంబడి, ఇంకో కాలు తోలు మీద పెట్టి లాగితే కుట్టు గీత పడుతుంది. దానికోసం ఖరీదైన పరికరం ఏమీ కొనక్కర్లేదు. గీత మీద ఫోర్కులాంటి పళ్ల ఉలి పెట్టి చెక్క సుత్తితో కొట్టాలి, మళ్లీ పెట్టేటప్పుడు మొదటి పన్ను పాత ఆఖరి రంధ్రంలో కూర్చోవాలి, అప్పుడే వరుస తప్పదు. అట్ట చుట్టూ మొత్తం కుడితే 1,120 మిల్లీమీటర్లు, 4 మిల్లీమీటర్లకో రంధ్రం చొప్పున 280 రంధ్రాలు. జేబుల మేరకే కుడితే 190 లోపు. మొదటిసారి జేబుల మేరకే కుట్టండి, గౌరవంగా బయటపడతారు.

కుట్టు దగ్గర కొంచెం సేపు ఆగుతాను, నాకు ఈ పనిలో ఇష్టమైందే ఇది. మిషను కుట్టులో పైదారం, కిందదారం వేరువేరు, మధ్యలో ఒకదాన్నొకటి కొక్కెం వేసుకుంటాయి. ఒకటి తెగితే లాగుతూ పోతే ఊడిపోతుంది, సంచుల పట్టీలు ఊడేది అందుకే. రెండు సూదుల కుట్టులో దారం ఒక్కటే, రెండు చివర్లా రెండు సూదులు. ఒక్కో రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దూరి అవతలికి పోతాయి. ఒక చోట తెగినా పక్క కుట్టు తన రంధ్రంలో తాను పట్టుకుని ఉంటుంది. రోడ్డు పక్కన చెప్పులు కుట్టేవాళ్లను గమనించారా? వాళ్ల ఆరె మొనకు చిన్న గాటు ఉంటుంది, పైనుంచి గుచ్చి, కింద దారాన్ని ఆ గాటుకు తగిలించి పైకి లాగి, ఆ ఉచ్చులో రెండో కొస దూర్చి బిగిస్తారు. చూడటానికి రెండు నిమిషాల పని, చేత్తో చేసే మిషను కుట్టు అనుకోండి. వేగానికి ఆ పద్ధతికి సాటి లేదు. మనకు వేగం అక్కర్లేదు, అందుకని రెండు సూదులు.

దారం ఎంత? కుట్టు పొడవుకు నాలుగింతలు, చేతి పట్టుకు ఇంకో జానెడు. ఒక జేబు మూడు వైపులా కుడితే 374 మిల్లీమీటర్లు, అంటే ఒకటిన్నర మీటరు మీద కొంచెం. మైనం పట్టించిన పాలిస్టర్ దారం, 0.8 మిల్లీమీటర్లది దొరుకుతుంది. సూదులు మొద్దు మొనవి కావాలి, ఎందుకంటే రంధ్రం ముందే ఉంది, మొన పదునుగా ఉంటే పక్క దారంలోకి గుచ్చుకుని మొత్తం ఇరుక్కుంటుంది. ఇక అసలు రహస్యం, ప్రతి కుట్టూ ఒకే తీరుగా వేయడం. కుడి సూది ముందైతే ప్రతిసారీ కుడి సూదే ముందు. రెండో సూది మొదటి దారానికి కింద నుంచైతే ప్రతిసారీ కిందనుంచే. లాగేటప్పుడు రెండు చేతులూ ఒకే బలంతో. పాట పెట్టుకోండి, కబుర్లు మాత్రం వద్దు, ఎవరితోనైనా మాట్లాడితే తీరు మారిపోతుంది, మారిన చోట కుట్టు వంకరగా మీ వైపు చూస్తూ ఉంటుంది. చివర్లో రెండు మూడు కుట్లు వెనక్కి వేసి, కోసి, లైటరు చూపిస్తే పాలిస్టర్ కరిగి అతుక్కుంటుంది. తోలు కాల్చకండి.

ఇప్పుడు మచ్చ కథ. నా రెండో అట్ట సరిగ్గానే మూసుకుంది. మలుపు దగ్గర వంగడానికి తడిపి, ఇనుప స్కేలు బరువు పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే స్కేలు పెట్టిన చోటంతా నల్లటి మచ్చ. సబ్బు పెట్టినా పోదు. టెన్షన్ వచ్చి ఎవరెవరినో అడిగాను. దానికి జవాబు నాకు తోలు వాళ్ల దగ్గర కాదు, శ్రీకాళహస్తి కలంకారీ గురించి చదువుతుంటే దొరికింది. కలంకారీలో గుడ్డను కరక్కాయ, గేదె పాలలో నానబెట్టి ఆరబెడతారు. నల్ల గీతకు కావలసిన ద్రవాన్ని తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి రోజుల తరబడి పులియబెట్టి చేస్తారు, కసిం అంటారు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద కసిం తగలగానే నలుపు తేలుతుంది. అంటే కరక్కాయలో ఉన్న టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిస్తే నలుపు. చెక్కతో పదును చేసింది కాబట్టి నా తోల్లోనూ టానిన్ ఉంది, స్కేలు ఇనుము, మధ్యలో నీళ్లు. రాత్రంతా నేను పడుకుంటే స్కేలు నా తోలు మీద కలంకారీ వేసింది. (నవ్వులు)

విరుగుడు వంటింట్లోనే ఉంది, నిమ్మరసం. దూదితో అద్ది, కాసేపాగి తడిగుడ్డతో తుడిస్తే మచ్చ చాలావరకు తేలిపోతుంది. ఆ తర్వాత నాకు ఇంకో ఆలోచన వచ్చింది. మచ్చే రంగైతే? తుప్పు మేకులు వెనిగర్‌లో వారం రోజులు వేసి, వడగట్టి, తోలుకు మొత్తం పట్టించాను. నిమిషాల్లో బొగ్గులా అయింది, పైపూత కాదు కాబట్టి చేతికి అంటదు. తర్వాత వంటసోడా నీళ్లతో తుడవాలి, లేకపోతే పులుపు లోపల ఉండిపోయి తోలు పెళుసవుతుంది. ద్రవం మరీ చిక్కగా ఉన్నా అంతే, నాదొకటి మడత దగ్గర చిట్లిపోయింది. క్రోమ్ తోలు మీద ఇది పనిచేయదు, ప్రయత్నించి నన్ను తిట్టుకోకండి.

అంచులు త్వరగా చెప్పేస్తాను. మూల అంచును కాస్త చెక్కి గుండ్రం చేసి, 400 నంబరు గరుకు కాగితంతో రుద్ది, తుమ్మజిగురు నీళ్లు కొంచెం రాసి, పాత జీన్స్ ముక్కతో వేడి పుట్టేదాకా రుద్దండి. గాజులా మెరుస్తుంది. ఓపికున్నంత మెరుపు.

నూనె గురించి అందరూ అడుగుతారు. కొంచెమే. గుడ్డకు రెండు చుక్కలు వేసి తుడవడమే, పోయడం కాదు. నూనె ఎక్కువైతే అట్ట వాడిపోయిన ఆకులా వేలాడుతుంది, తర్వాత దాన్ని వెనక్కి తీసే మార్గం లేదు. వానాకాలంలో బూజు పడుతుంది, పడితే కంగారు పడకుండా పొడిగుడ్డతో తుడిచి గాలికి పెట్టండి, ఎండలో పెట్టకండి. ప్లాస్టిక్ కవర్లో మాత్రం దాచకండి. జాగ్రత్తగా ప్లాస్టిక్‌లో చుట్టి బీరువాలో పెట్టామండీ, పచ్చగా అయిపోయింది అని ఫోన్లు చేస్తారు. రోజూ వాడండి, చేతి చెమట తగిలిన తోలే బావుంటుంది.

ధర ఎంత పెట్టాలని ఇందాక ఆ అమ్మాయి అడిగింది. సామాను ఖర్చుకు గంటల కూలి కలిపి పెట్టమ్మా. నాకు ఒక అట్టకు ఆరు గంటలు పడుతుంది. ఎవరైనా "చెప్పులు కుట్టేవాడి దగ్గర యాభైకి కుట్టిస్తా" అంటే, కుట్టించుకోమను, నిజంగానే ఆయన నీకంటే బాగా కుడతాడు. కానీ యాభై కాదు, ఆయనకూ గంటల లెక్కే ఇమ్మను.

సరే, మాటలు చాలు. ఆ బల్ల మీద ఎనిమిది ముక్కలు రంధ్రాలు కొట్టి పెట్టాను, ఒక్కోటి జానెడు. ఇద్దరిద్దరు కూర్చోండి, ఒకరు కుడుతుంటే ఇంకొకరు తీరు మారిందేమో చూడండి. దారం మొదట్లోనే రెండు కొసలూ సమానంగా ఉన్నాయా లేదా కొలుచుకోండి. ఎడమచేతి వాటం వాళ్లు నా దగ్గరికి రండి, మీకు వేరేగా చూపిస్తాను. ఆ చివర ఉన్నది మా తాత ఆరె, తుప్పు తీసి బాపే నూరిపెట్టాడు, పట్టుకుని చూడండి గానీ మొన పదునెంతుందో వేలితో చూడకండి.